స్లైస్‌కి నేను చేసుకున్న మూడేళ్ల తప్పుడు వైద్యం

పోయిన వారం పొద్దున్నే గోల్ఫ్ షాట్లు సాధన చేసుకునే డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్లాను. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. నా పక్క మ్యాట్ మీద ఒక పెద్దాయన సెవెన్ ఐరన్‌తో (ఇనుప తల ఉన్న గోల్ఫ్ కర్ర, అంటే క్లబ్) కొడుతున్నారు. ఆయన్ని చాలాకాలంగా చూస్తున్నాను, ఆ క్లబ్‌తో బంతి ఎక్కడ పడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ రోజు మాత్రం ప్రతి బంతీ పది పన్నెండు గజాలు ఇవతలే పడుతోంది. అయిదోదో ఆరోదో కూడా అలాగే పడ్డాక క్లబ్‌ని చేతికర్రలా నేలకి ఆనించి నావైపు తిరిగారు. "ఇవాళ గాలి బరువుగా ఉంది బాబూ. ఒకటే తేమ. బంతి పోదు" అన్నారు.

"అవునండీ" అన్నాను.

కాదని నాకు తెలుసు. పెద్దాయనతో పొద్దున్నే వాదం దేనికని ఊరుకున్నాను. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ "అవునండీ" నన్ను వదల్లేదు. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి మాటలే నమ్మి, మూడేళ్లపాటు నా స్లైస్‌ని, అంటే గాల్లో కుడికి వంగిపోయే షాట్‌ని, నేనే మేపి పెద్దదాన్ని చేశాను. బంతి ఎందుకు అలా ఎగిరిందో తప్పుగా అనుకుంటే నష్టమేముందిలే, ఆట ఆటే కదా అనేవాళ్లకి నా దగ్గర ఒక జవాబుంది. అది చెప్పడానికే ఈ పోస్టు.

బరువు గాలిదా, ఒంటిదా

ముందు పెద్దాయన గాలి సంగతి తేల్చేద్దాం. తేమగా ఉన్న గాలి నిజానికి తేలిక. నీటి అణువు బరువు 18, నైట్రోజన్ అణువుది 28, ఆక్సిజన్‌ది 32. గాలిలో ఆవిరి పెరిగిందంటే బరువైన అణువులు లేచిన చోట తేలికవి వచ్చి కూర్చున్నట్టే. 30 డిగ్రీల వేడిలో తేమ పూర్తిగా నిండిన గాలి, అదే వేడిలో ఉండే పొడి గాలికన్నా ఒకటిన్నర శాతం దాకా తేలికగా ఉంటుంది. ఆ లెక్కన బంతి ఒక గజమో రెండు గజాలో ఎక్కువే పోవాలి. అదీ కంటికి ఆనే తేడా కాదు.

మరి బరువుగా ఎందుకనిపిస్తుంది? చెమట ఆరదు, చొక్కా వీపుకి అతుక్కుంటుంది, నాలుగు షాట్లకే ఆయాసం వస్తుంది. బరువెక్కింది మన ఒళ్లు. ఆ బరువుని తీసుకెళ్లి బంతి ఖాతాలో రాసేస్తున్నాం.

అయితే ఇక్కడ ఆగాలి. పెద్దాయన చెప్పిన కారణం తప్పు కానీ ఆయన చూసింది తప్పు కాదు. బంతులు నిజంగానే ఇవతల పడ్డాయి. వాన పడ్డాక వాతావరణం చల్లబడింది. పది డిగ్రీలు చల్లబడితే గాలి మూడు శాతం పైగా చిక్కబడుతుంది, ఇది తేమ చేసే తేడాకి రెట్టింపు, పైగా బంతిని ఇవతల పడేసేవైపు. చల్లబడిన బంతి క్లబ్ మీంచి అంత చురుగ్గా లేవదు కూడా. బంతి తడి, మ్యాట్ తడి, ఫేస్ (బంతిని తాకే క్లబ్ ముఖం) మీద గీతల నిండా నీళ్లు. ఆ నీటి పొర మధ్యలో ఉంటే ఫేస్ బంతిని పట్టుకోలేదు, ఐరన్‌కి రావలసిన స్పిన్ రాదు. వీటన్నిటికీ పైన రేంజ్ బంతులు ఎన్ని దెబ్బలు తిన్నవో ఎవరికి తెలుసు. ఇంతమంది దొంగలు చుట్టూ తిరుగుతుంటే పెద్దాయన పట్టుకున్నది ఒక్క అమాయకుణ్ణి.

ఈ ఒక్క అపోహ వల్ల ఎవరి ఆటా పాడవదని ఒప్పుకుంటాను. దీని సంగతికి చివర్లో మళ్లీ వస్తాను.

గాలి మీద నింద

గాలి అనగానే మన బుర్రలో "అడ్డం" అన్న మాటే మెదులుతుంది. గాలే లేకపోతే బంతి ఎంత దూరం పోయేదో అని నేనూ అనుకునేవాణ్ణి. ఒక రోజు కాగితం తీసుకుని లెక్క వేశాను. పేరున్న ప్రొఫెషనల్స్ డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే పొడవాటి క్లబ్) షాట్ సగటున సెకనుకి 75 మీటర్ల వేగంతో, 11 డిగ్రీల కోణంలో లేస్తుంది. గాలి లేని చోట ఆ వేగానికీ ఆ కోణానికీ బంతి 215 మీటర్ల దగ్గర నేలకి దిగాలి. మామూలు గాలిలో వాళ్లు కొట్టే బంతి 250 మీటర్ల దాకా నేల తాకకుండా పోతోంది! లెక్క తప్పిందేమోనని మూడుసార్లు చూసుకున్నాను. తప్పలేదు.

గాలి బంతిని వెనక్కి లాగే మాట నిజమే, బాగానే లాగుతుంది. దెబ్బ తగిలిన కొత్తలో ఆ లాగుడు బంతి బరువుకి రెండింతలు దాటుతుంది. కానీ అదే గాలి బంతిని మోస్తుంది కూడా. డ్రైవర్ బంతికి నిమిషానికి రెండు వేల అయిదొందల నుంచి మూడు వేల చుట్ల బ్యాక్‌స్పిన్ ఉంటుంది. అలా వెనక్కి తిరుగుతూ పోయే బంతి తన వెనక గాలిని కిందికి తోస్తుంది, గాలి బంతిని పైకి తోస్తుంది. మొదటి భాగంలో ఈ పైకి తోసే బలం బంతి బరువుకన్నా ఎక్కువ. మంచి డ్రైవ్‌ని పక్కనుంచి చూస్తే మధ్యలో ఇంకాస్త పైకి లేచినట్టుంటుంది, అది కంటి భ్రమ కాదు.

దీన్ని అర్థం చేసుకుంటే రెండు అపోహలు వాటంతటవే రాలిపోతాయి. ఒకటి, 45 డిగ్రీల్లో కొడితేనే ఎక్కువ దూరం అన్నది. అది గాలీ స్పిన్నూ లేని రాయికి వర్తిస్తుంది. రెండోది, డ్రైవర్‌తో టాప్‌స్పిన్ వేస్తే బంతి పడ్డాక పరుగెడుతుందన్నది. టాప్‌స్పిన్ ఉన్న బంతిని గాలి కిందికి తొక్కుతుంది, టీ (బంతిని నిలబెట్టే చిన్న మేకు) దాటి నాలుగడుగులు పోయి ముక్కు నేలకి గుద్దుకుంటుంది. పరుగెత్తే డ్రైవ్‌కి కూడా ఉండేది బ్యాక్‌స్పిన్నే, కాకపోతే తక్కువ.

ఇందులో ఒక చరిత్ర ఉంది. ఎడిన్‌బరో యూనివర్సిటీ ప్రొఫెసర్ పీటర్ గుత్రీ టెయిట్ 1890లలో గోల్ఫ్ బంతి ప్రయాణాన్ని లెక్కగట్టే పనిలో పడ్డాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టెయిట్ ఆనాటి మేటి ఆటగాడు, 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ చాంపియన్. తండ్రి లెక్కగట్టిన హద్దుని కొడుకు మర్నాడే ఒక్క దెబ్బతో దాటేశాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ బాగుంది కాబట్టే నాకు దాని మీద నమ్మకం తక్కువ. నన్ను పట్టుకున్న విషయం వేరే. బ్యాక్‌స్పిన్నే బంతిని మోస్తుందని కనిపెట్టింది తండ్రి టెయిటే. స్పిన్ ఏదైనా సరే దూరానికి చేటని తనకి చిన్నప్పుడు నేర్పారని, అది తప్పని తెలిసేసరికి ముప్పై అయిదేళ్లు ఆలస్యమైందని ఆయన రాసుకున్నాడు. అంతటివాడికే ముప్పై అయిదేళ్లు పడితే నా మూడేళ్లు ఎంతలే అని కొంచెం ఊరట.

బంతి ఒంటి నిండా ఉండే చిన్న గుంటల (డింపుల్స్) గురించి క్లుప్తంగా. అవి గాలిని కోయవు, గాలిని పట్టుకోవు. బంతి ఒంటికి ఆనుకుని పారే పలచటి గాలి పొరని కాస్త అల్లకల్లోలం చేస్తాయి. ఆ కల్లోలమైన పొర బంతిని తొందరగా వదలకుండా వెనకవైపు దాకా అంటిపెట్టుకుని పోతుంది, దాంతో వెనక ఏర్పడే సుడి సన్నబడుతుంది, లాగుడు తగ్గుతుంది. నున్నటి బంతి దాదాపు సగం దూరంలోనే కూలబడుతుంది. దీన్ని మొదట గమనించింది ప్రొఫెసర్లు కాదు. 1848 ప్రాంతంలో గట్టా పెర్చా (ఒక చెట్టు జిగురు) బంతులు వచ్చినప్పుడు నున్నగా ఉండేవి. దెబ్బలు తిని గంట్లు పడ్డ పాత బంతే కొత్తదానికన్నా బాగా పోతోందని ఆటగాళ్లే చూశారు, చూసి కొత్త బంతుల మీద కావాలని సుత్తితో గంట్లు కొట్టించారు. కారణం తెలియకుండానే సరైన పని చేశారు. నా వాదానికి ఇది ఎదురు సాక్ష్యమని నాకు తెలుసు. అయినా దాచను.

గాలి లేని చోట గోల్ఫ్ ఎలా ఉంటుందో ఒక మనిషి చూపించాడు కూడా. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 వ్యోమగామి అలన్ షెపర్డ్, మట్టి తీసే పనిముట్టుకి సిక్స్ ఐరన్ తల తగిలించి చంద్రుడి మీద రెండు బంతులు కొట్టాడు. మైళ్లకి మైళ్లు పోయిందన్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఫొటోలని శుభ్రం చేసి కొలిస్తే ఎక్కువ దూరం పోయిన బంతి నలభై గజాల దగ్గరుంది. ఆ బరువు సూట్‌లో ఒంటి చేత్తో కొట్టిన దెబ్బకి అది చాలా గొప్పే. నాకు నచ్చింది మాత్రం ఇంకొకటి. ఒక షాట్ చూసి కింద కంట్రోల్ రూమ్‌లో ఉన్న ఫ్రెడ్ హేజ్, అది స్లైస్‌లా ఉందే అని ఏడిపించాడు. చంద్రుడి మీద గాలే లేదు. బంతి ఎంత స్పిన్ అయినా వంగదు. స్లైస్ కొట్టడం అసాధ్యమైన చోటు ఒక్కటే ఉంటే అక్కడ కూడా గోల్ఫర్‌కి స్లైసే కనిపించింది.

నా స్లైస్, నా వైద్యం

నాది కుడిచేతి ఆట. మూడేళ్ల కిందట నా డ్రైవర్ షాట్ ఇలా ఉండేది: బంతి కాస్త కుడివైపుగా లేచి, సగం దూరం పోయాక ఇంకా కుడికి తిరిగి, చెట్లలోకి పోయేది. నాకు ఆట నేర్పిన మిత్రుడు మొదటి రోజే ఒక సూత్రం చెప్పాడు. బంతి నీ స్వింగ్ (క్లబ్ ఊపు) పోయిన దారిలో బయల్దేరుతుంది, చివరికి ఫేస్ చూసిన వైపు తిరుగుతుంది. ఆయన సొంత కవిత్వమేమీ కాదు, ఎన్నో ఏళ్లు కోచింగ్‌లో అందరూ చెప్పిన పాఠమే.

ఆ సూత్రంతో నా షాట్‌ని చదివితే ఏమొస్తుంది? బంతి కుడికి లేచింది, అంటే నా స్వింగ్ కుడికి పోతోంది. కాబట్టి ఎడమకి లాగు. లాగాను. స్లైస్ పెరిగింది. ఇంకా చాలలేదేమోనని ఇంకా ఎడమకి లాగాను. ఇంకా పెరిగింది. నిలబడే తీరు కూడా ఎడమకి తిప్పేశాను. పక్క మ్యాట్‌వాళ్లు నేను వాళ్లకి గురిపెట్టానేమోనని ఒకసారి వెనక్కి జరిగారు.

సూత్రం తలకిందులైంది. బంతి బయల్దేరే దిక్కుని ఎక్కువగా నిర్ణయించేది దెబ్బ తగిలిన క్షణంలో ఫేస్ ఎటు చూస్తోందన్నది. సుమారుగా చెప్పాలంటే ఐరన్‌కి 75 శాతం, డ్రైవర్‌కి 85 శాతం ఫేస్‌దే పెత్తనం. వంపు వచ్చేది ఫేస్‌కీ స్వింగ్ దారికీ మధ్య ఉన్న తేడా నుంచి. ఉదాహరణకి నా ఫేస్ 2 డిగ్రీలు కుడికి చూస్తూ, దారి 6 డిగ్రీలు ఎడమకి పోతోందనుకోండి. బంతి ఫేస్ మాట విని కొంచెం కుడికి లేస్తుంది. మధ్య తేడా 8 డిగ్రీలు, ఆ మేరకి కుడికి వంగుతుంది. అది చూసి నేను దారిని ఇంకో 4 డిగ్రీలు ఎడమకి లాగితే తేడా 12 అవుతుంది. రోగం ఒకటిన్నర రెట్లయింది. మందు మింగినకొద్దీ జబ్బు ముదురుతుంటే మోతాదు చాల్లేదనుకునే రోగిని నేను.

దీనికి తోడు ఇంకో అపోహ నన్ను చక్కగా కాపాడింది. వెడ్జ్‌తో (దగ్గరి దూరాలకి ఎత్తి కొట్టే క్లబ్) నా బంతి తిన్నగా పోయేది. కాబట్టి నా స్వింగ్ బాగానే ఉంది, తప్పు డ్రైవర్‌దే అని తేల్చుకుని డ్రైవర్ మార్చాను. కొత్తదీ అలాగే కొట్టింది. అసలు విషయం ఏమిటంటే, బంతికి బ్యాక్‌స్పిన్ వేరే, సైడ్‌స్పిన్ వేరే అని రెండు ఉండవు. ఒక వస్తువు ఒకేసారి ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. ఆ ఇరుసు పక్కకి ఒరిగితే, మలుపు తీసుకునే విమానంలా బంతి కూడా ఆ పక్కకి వంగుతుంది. వెడ్జ్‌కి లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఎక్కువ, దాని బ్యాక్‌స్పిన్ నిమిషానికి తొమ్మిది పది వేల చుట్లు. అంత వెనక్కి తిరుగుడులో నా ఫేస్ తప్పు ఇరుసుని కొద్దిగానే ఒరిగించగలదు. డ్రైవర్‌కి లాఫ్ట్ తక్కువ కాబట్టి అదే తప్పుకి ఇరుసు బాగా ఒరుగుతుంది. వెడ్జ్ నా తప్పుని దాచిపెట్టింది, డ్రైవర్ బయటపెట్టింది. నేను నిజం చెప్పినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశాను.

చివరికి ఒక కుర్ర కోచ్ దగ్గరికి వెళ్లాను. పది బంతులు చూశాడు, ఏమీ అనలేదు. సంచిలోంచి కాళ్లకి కొట్టుకునే పౌడర్ స్ప్రే తీసి నా డ్రైవర్ ఫేస్ మీద తెల్లగా కొట్టాడు. "ఇప్పుడు కొట్టండి సార్" అన్నాడు. కొట్టాను. చెట్లలోకే. ఫేస్ తిప్పి నా ముఖం ముందు పెట్టాడు. తెల్లటి పౌడర్‌లో బంతి అచ్చు గుండ్రంగా, డింపుల్స్ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది. నేను ఫేస్ మధ్యలో ఉంటుందనుకున్నాను. అది షాఫ్ట్‌కి (క్లబ్ కర్రకి) దగ్గరగా, హీల్ అనే ఆ పక్క అంచు దగ్గర ఉంది. తుడిచి మళ్లీ కొట్టించాడు. అక్కడే. మూడోది ఇంకా లోపలికి. మూడు అచ్చులూ చూశాక నాకు నోట మాట రాలేదు. మూడేళ్లుగా ప్రతి షాట్‌నీ మధ్యలోనే కొడుతున్నానని నా చేతులు నాకు చెబుతూ వచ్చాయి.

డ్రైవర్ తల బరువు ఫేస్ వెనక లోతుగా ఉంటుంది. బంతి హీల్ దగ్గర తగిలితే తల కొంచెం తిరుగుతుంది. పళ్లచక్రాల్లో ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరిగినట్టు, బంతి దానికి ఎదురు దిక్కులో తిరిగి స్లైస్ స్పిన్ తీసుకుంటుంది. డ్రైవర్ ఫేస్ బల్లపరుపుగా కాకుండా కొంచెం ఉబ్బెత్తుగా చేసేది ఇందుకోసమే, ఈ నష్టాన్ని కొంత సర్దడానికి. నేను ఎడమకి లాగినకొద్దీ క్లబ్ బయటినుంచి లోపలికి కోసుకొస్తూ హీల్‌తోనే తగులుతోంది. ఒకే మందు రెండు రోగాలనీ పెంచింది.

కోచ్ ఒక హెడ్‌కవర్ (క్లబ్ తలకి తొడిగే సంచి) తీసి బంతికి అవతలి పక్క, కాస్త వెనకగా పెట్టాడు. "దాన్ని తాకకుండా బంతిని కొట్టండి సార్, ఇంకేం ఆలోచించొద్దు." మొదటి మూడు స్వింగ్‌లకీ హెడ్‌కవరే ముందు ఎగిరింది, బంతికన్నా దూరం కూడా పోయింది.

చేతులు ఎందుకు అబద్ధం చెబుతాయి

బంతీ ఫేస్‌ కలిసి ఉండేది సెకనులో రెండు వేలవ వంతు. చేతికి ఆ దెబ్బ తెలిసి, కబురు మెదడుకి చేరేసరికి బంతి మీటరు దూరం దాటిపోయి ఉంటుంది. దెబ్బ సమయంలో మణికట్టు తిప్పి బంతిని ఎడమకి పంపానని ఎవరైనా అంటే, వాళ్లు తిప్పినప్పుడు బంతి అక్కడ లేదు. ఈ మాట మీద నాకంటే మొండివాళ్లున్నారు. 1960లలో బ్రిటన్‌లో గోల్ఫ్ స్వింగ్ మీద పరిశోధన చేసినవాళ్లు క్లబ్ తలకి కాస్త పైన షాఫ్ట్‌లో మడతబందు పెట్టిన డ్రైవర్ తయారుచేసి కొట్టించారు. ఆ క్షణంలో చేతులకీ తలకీ గట్టి సంబంధమే లేదు. అయినా బంతి దాదాపు మామూలు దూరం పోయింది.

అంటే మనకి అందే సమాచారం రెండే. ఒకటి, దెబ్బ అయిపోయాక చేతుల్లో మిగిలిన అనుభూతి. రెండోది, ఆరేడు సెకన్లు ఆకాశంలో కనిపించే బంతి. మధ్యలో జరిగిన అసలు సంగతి ఎవరికీ కనిపించదు. కనిపించని చోటే కథలు పుడతాయి.

మరి ఈ కథలన్నీ చెడ్డవేనా అన్నది నన్ను ఇప్పటికీ తికమక పెడుతుంది. ఎదురుగాలి బంతికి స్పిన్ ఎక్కిస్తుందంటారు. ఎక్కించదు. సెకనుకి 70 మీటర్లతో పోయే బంతికి 7 మీటర్ల ఎదురుగాలి తగిలితే బంతి చూసే గాలి వేగం 77 అవుతుంది, లాగుడూ, పైకి మోసే బలమూ రెండూ 21 శాతం పెరుగుతాయి, అందుకే బంతి గాలిపటంలా పైకి లేచి కూలుతుంది. కారణం తప్పు. కానీ ఆ నమ్మకం ఉన్నవాడు ఏం చేస్తాడు? ఎక్కువ దూరం పోయే క్లబ్ తీసుకుని మెల్లగా కొడతాడు, స్పిన్ తగ్గుతుంది. సరైన పని. అలాగే ఫాలో త్రూ (దెబ్బ తర్వాత సాగే ఊపు) బంతిని దారిలో పెడుతుందంటారు. వెళ్లిపోయిన బంతిని ఏదీ దారిలో పెట్టలేదు. అయినా స్వింగ్ చక్కగా ముగించాలని ముందే అనుకున్నవాడి చేతులు దెబ్బకి ముందే సర్దుకుంటాయి. అబద్ధమే, మంచే చేస్తుంది. దూరాలు మీటరు పట్టుకుని కొలిచే నేనే ఈ రెండో అబద్ధాన్ని రోజూ వాడుకుంటున్నాను.

మా కోచ్‌తో ఇదే అంటే ఆయనకి అంత చర్చ నచ్చలేదు. "బంతి తిన్నగా పోతోందా సార్?" అన్నాడు. పోతోందన్నాను. "మరింకేం?" నాకు అది చాలదు. నమ్మకం చేతిని ఎటు లాగుతోందన్నదే నా కొలత. తేమ గాలి కథ పెద్దాయన చేతిని ఎటూ లాగలేదు, క్లబ్ మార్పిస్తుంది అంతే. నా స్లైస్ సూత్రం మాత్రం నా చేతిని ప్రతి షాట్‌కీ తప్పువైపే లాగింది. రెండిటినీ ఒకే గాట కట్టి అపోహలని కొట్టిపారేయడం కూడా ఒక రకం బద్ధకమే. అయితే ఏది ఎటు లాగుతుందో ముందే ఎలా తెలుస్తుంది? నా విషయంలో పౌడర్ స్ప్రే కొట్టేదాకా తెలియలేదు.

మొన్న ఆదివారం పెద్దాయనతో కలిసి కోర్సు మీదికి వెళ్లాను. మళ్లీ తేమ, మళ్లీ చిన్న జల్లు. నీటి మీదుగా కొట్టాల్సిన పొట్టి హోల్ వచ్చింది. ఆయన ఆకాశం కేసి చూసి, గాలి బరువుగా ఉందని గొణుక్కుని, సెవెన్ లోపల పెట్టి ఇంకాస్త దూరం పోయే సిక్స్ ఐరన్ తీశారు. బంతి గ్రీన్ (గుంట ఉన్న నున్నటి పచ్చిక) మధ్యలో పడి ఆగింది. తేమ గాలి తేలికని తెలిసిన నేను సెవెన్‌తోనే కొట్టాను. బంతి కుడిగా లేచి, ఒడ్డుకి రెండు గజాల ఇవతల నీళ్లలో పడింది. పెద్దాయన ఏమీ అనలేదు, అంటే బాగుండేది. నేను ఫేస్ తిప్పి చూసుకున్నాను. గీతల్లో తడి మట్టి మరక హీల్ వైపే ఉంది.